చందమామకి చీకటి అక్కర్లేదు

హైదరాబాద్‌లో ఉంటూ ఆకాశాన్ని ఫొటోలు తీస్తానంటే ఎవరైనా ముందు అడిగేది, "ఇక్కడ చుక్కలేం కనిపిస్తాయండీ?" అనే. అందులో అబద్ధమేం లేదు. మేముండేది కూకట్‌పల్లిలో. రాత్రి పదింటికి మేడెక్కి చూస్తే ఆకాశం నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. వీధి లైట్లు, షాపుల బోర్డులు, కడుతున్న టవర్ల మీద క్రేన్ల ఎర్ర దీపాలు, అన్నీ కలిసి చిన్న చుక్కల్ని మింగేస్తాయి. చంద్రుడి విషయంలో మాత్రం ఈ గొడవ లేదు. మనకి రాత్రయినా అక్కడ పట్టపగలు. ఎండలో ఉన్న రాతినేలని ఫొటో తీస్తున్నాం అనుకుంటే కెమెరాలో ఏ అంకెలు పెట్టాలో వాటంతట అవే తెలుస్తాయి. ఇన్నాళ్ళుగా తీస్తూ ఉంటే నాకర్థమైంది ఇదీ: చంద్రుడికి కావలసింది చీకటీ కాదు, ఖరీదైన లెన్సూ కాదు. ఏ రోజు, ఏ వేళకి మేడెక్కాలో తెలియాలి. అది మా వంటింటి గోడకి వేలాడే క్యాలెండర్‌లోనే ఉంది.

కెమెరా మా ఆయనది. పాత డీఎస్ఎల్ఆర్, చిన్న సైజు సెన్సర్ (క్రాప్ సెన్సర్ అంటారు), 24 మెగాపిక్సెళ్ళు. పిల్లల పుట్టినరోజులకి తప్ప బీరువాలోంచి బయటికొచ్చేది కాదు. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి ఒక సెకండ్ హ్యాండ్ 70-300 మి.మీ. జూమ్ లెన్స్, ఒక ట్రైపాడ్ తెచ్చుకున్నాను. డబ్బులు తక్కువైతే లెన్స్ దగ్గర తగ్గించుకోండి కానీ ట్రైపాడ్ దగ్గర మాత్రం కక్కుర్తి వద్దు.

కెమెరాని ఆటోలో పెడితే ఫ్రేమంతా నలుపే కదా అని అది వెలుతురు పెంచేస్తుంది. దాంతో చంద్రుడు ఒక తెల్లటి మచ్చగా మిగులుతాడు. ఫోన్లలో జరిగేదీ ఇదే. అందుకని అన్నీ మాన్యువల్‌లోనే: అపర్చర్ అనే లెన్స్ రంధ్రం (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ అది పెద్దది), షట్టర్ తెరిచి ఉంచే సమయం, ఐఎస్ఓ అనే సెన్సర్ చురుకుదనం, మూడూ మనమే పెట్టుకోవాలి. ఫిల్మ్ రోజుల నాటి సూత్రం ఒకటుంది, లూనీ 11 అంటారు. నిండు చంద్రుడికి అపర్చర్ ఎఫ్/11 పెట్టి, ఐఎస్ఓ ఎంతుంటే షట్టర్ సెకనులో అన్నో వంతు పెట్టడం. ఐఎస్ఓ 100 అయితే 1/100 అన్నమాట. నా లెన్స్ ఎఫ్/8 దగ్గర పదునుగా ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ 200, ఎఫ్/8, 1/400తో మొదలుపెడతాను. ఎండాకాలంలో దుమ్ము పైకి లేచినప్పుడు ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇస్తే సరిపోతుంది.

ఇలా తీస్తే పౌర్ణమి చంద్రుడు బాగానే వస్తాడు. కానీ అప్పడంలా చదునుగా ఉంటాడు. పౌర్ణమి నాడు సూర్యుడు మన వీపు వెనక ఉన్నట్టు లెక్క. వెలుతురు సూటిగా పడుతుంది కాబట్టి అక్కడి కొండలకీ గుంటలకీ నీడలు కనబడవు. నీడ లేకపోతే లోతు లేదు. సగం చంద్రుడు కావాలి.

సగం చంద్రుడు ఎప్పుడొస్తాడో ఫోన్‌లో వెతుకుతుంటే మా అత్తయ్య, "దానికి యాప్ ఎందుకమ్మాయ్, అష్టమి ఎప్పుడో క్యాలెండర్‌లో ఉందిగా" అంది. నిజంగా అంతే. ఆకాశంలో సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. 90 డిగ్రీల దగ్గర సరిగ్గా సగం వెలుగు, అంటే అష్టమి మధ్యలో. శుద్ధ అష్టమి నాటి చంద్రుడు పొద్దుగూకే వేళకే నడినెత్తి దగ్గర ఉంటాడు. వంట, పిల్లల హోంవర్కు అయ్యాక ఎనిమిదింటికి తీరిగ్గా మేడెక్కినా ఇంకా మంచి ఎత్తులోనే దొరుకుతాడు. బహుళ అష్టమి చంద్రుడు రావడమే అర్ధరాత్రి. ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అది కుదిరే పని కాదు, నేనైతే వదిలేశాను.

సగం చంద్రుడు కదా, నిండు చంద్రుడిలో సగం వెలుగు ఇస్తాడనుకుంటాం. ఇవ్వడు. దాదాపు పదో వంతే. నీడలు ఎక్కువ కాబట్టి, ఏటవాలు ఎండ కాబట్టి. అందుకే అష్టమికి నా షట్టర్ 1/400 నుంచి 1/80 దాకా దిగుతుంది. వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర ఉంటుంది అసలు సంబరం. అక్కడ అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది, గుంటల అంచులకి ఎండ తగిలి అడుగు ఇంకా చీకట్లోనే ఉంటుంది. షష్ఠి నుంచి దశమి దాకా ఆ గీత రోజూ జరుగుతూ పోతుంది కాబట్టి ప్రతి రాత్రీ కొత్త గుంటలు బయటపడతాయి. నవమి, దశమి నాటికి కోపర్నికస్ అనే గుంట కనబడుతుంది, 93 కిలోమీటర్ల వెడల్పు. దక్షిణాన టైకో, ఇంకా కిందికి క్లేవియస్. ఇంత దూరం నుంచి, ఇంత చిన్న లెన్స్‌తో క్లేవియస్ లోపల ఉన్న బుల్లి గుంటలు కూడా విడివిడిగా కనిపించిన రాత్రి ఇంట్లో అందర్నీ నిద్ర లేపాను. ఎవరూ పెద్దగా సంతోషించలేదు.

చంద్రయాన్-3 దిగింది కూడా ఇలాంటి గీత పక్కనే. 2023 ఆగస్టు 23, శ్రావణ శుద్ధ సప్తమి. దక్షిణ ధ్రువం వైపు ఆ చోట అప్పుడే సూర్యోదయం అయింది. అక్కడ ఒక పగలు మన 14 రోజులు కాబట్టి ల్యాండర్‌కి అంతకాలం ఎండ దొరకాలని ఇస్రోవాళ్ళు ఆ రోజు ఎంచుకున్నారు. ఇప్పుడు సప్తమి చంద్రుణ్ణి తీసిన ప్రతిసారీ మా వాడు స్క్రీన్ మీద కింది అంచు దగ్గర వేలు పెట్టి "ఇక్కడే కదమ్మా" అంటాడు. నా లెన్స్‌కి అక్కడ ఏమీ కనిపించదు, అయినా ఔననే అంటాను.

తదియ, చవితి నాళ్ళది ఇంకో రకం ఫొటో. సన్నటి నెలవంక, మిగిలిన భాగమంతా మసక బూడిద వెలుగు. ఆ బూడిద వెలుగు భూమిది. మన మీద పడిన ఎండ అక్కడికి వెళ్ళి మళ్ళీ మన కంటికి చేరుతుంది. దీనికి ఐఎస్ఓ 800, ఎఫ్/5.6, ఒక సెకను. వంక తెల్లగా పేలిపోతుంది, దానికి చేసేదేం లేదు. ఒకసారి భాద్రపద మాసంలో వాన వెలిసి పడమర బ్రహ్మాండంగా ఉంది. ట్రైపాడ్ భుజాన వేసుకుని బయల్దేరితే అత్తయ్య గుమ్మంలో నిలబడిపోయింది. వినాయక చవితి. అక్షింతలు వేసుకుని కథ విన్నాను కదత్తయ్యా, ఏం కాదు అంటే, "చవితి ప్రతి నెలా వస్తుంది, ఈ ఒక్కటీ వదిలెయ్" అంది. వదిలేశాను. ఆవిడ అన్నదాంట్లో లాజిక్ ఉంది, పైగా బూడిద వెలుగుకి మాఘ, ఫాల్గుణ మాసాలే మేలు. ఆ రోజుల్లో మన ఊరి నుంచి నెలవంక రెండు కొమ్ములూ సమానంగా పైకి తిరిగి ఉంటాయి, సాయంత్రం ఆకాశం కూడా తేటగా ఉంటుంది.

ఇక మేడ మీద పని. ఫోకస్‌ని కెమెరాకి వదలకుండా, లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, పెద్దది చేసి ఆ వెలుగునీడల గీత మీద చేత్తో తిప్పుకోవాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజర్ ఆపేయాలి. నొక్కిన అదురు పోవడానికి రెండు సెకన్ల టైమర్. ఇవన్నీ ఎక్కడైనా చెప్పేవే. మన అపార్ట్‌మెంట్లకే ప్రత్యేకమైనవి వేరే ఉన్నాయి. లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్కన ట్రైపాడ్ పెడితే ఎవరో మూడో అంతస్తుకి వెళ్ళిన ప్రతిసారీ స్క్రీన్ మీద చంద్రుడు వణుకుతాడు. సంపు మోటార్ వేసినా అంతే. మా వాచ్‌మన్‌ని బతిమాలి తొమ్మిదిన్నర దాటాక మోటార్ వేసేలా ఒప్పించాను. అన్నిటికంటే పెద్ద శత్రువు స్లాబ్. పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది. ఆ వేడిగాలి మీదుగా తీస్తే గుంటల అంచులు నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతాయి. ఏసీల బయటి యూనిట్ల వైపు చూస్తూ తీయకూడదు. పౌర్ణమి దగ్గరి చంద్రుడైతే ఎత్తుకి వచ్చేదాకా ఆగాలి, ఏప్రిల్, మే నెలల్లో అయితే తొమ్మిదికి ముందు అసలు దండగ. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో గాలి కడిగినట్టు ఉంటుంది, నా మంచి ఫొటోలన్నీ అప్పటివే.

గాలి కదలికకి విరుగుడు, ఒక్క ఫొటో మీద ఆధారపడకపోవడం. వరసగా వంద దాకా తీసి ల్యాప్‌టాప్‌లో ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, వాటిలో గాలి నిలకడగా ఉన్న క్షణాల్లోవి ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తర్వాత రెజిస్టాక్స్‌లో పదును పెంచుకోవాలి. ఇక్కడ చెయ్యి ఆగదు, స్లైడర్ జరిపేకొద్దీ వివరాలు వస్తున్నట్టే ఉంటాయి. మర్నాడు పొద్దున చూస్తే ప్రతి గుంట చుట్టూ తెల్లటి గీత. నా పద్ధతి ఏమిటంటే, బాగుందనిపించిన చోటు నుంచి సగానికి వెనక్కి తగ్గించి సేవ్ చేస్తాను. అదే ఫైల్లో రంగుల గాఢత పెంచితే ఇంకో తమాషా ఉంది. అపోలో 11 దిగిన ప్రశాంత సాగరం నీలంగా, చుట్టుపక్కల నేల గోధుమ రంగులోకి తిరుగుతాయి. ఆ నీలం ఫొటోషాప్ మాయ కాదు, అక్కడి లావా రాతిలో టైటానియం ఎక్కువ.

మార్గశిర పౌర్ణమికి ఇంకో కష్టం. చలికాలపు నిండు చంద్రుడు మన ఊరికి అర్ధరాత్రి దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. లెన్స్ నిటారుగా పైకి పెట్టి, కింద నేల మీద కూర్చుని స్క్రీన్‌లోకి చూడాలి. మెడ పట్టేస్తుంది. స్క్రీన్ మడత విప్పే కెమెరాలున్నవాళ్ళని చూస్తే అప్పుడు అసూయ వేస్తుంది.

చంద్రోదయం ఫొటోలు అందరికీ నచ్చుతాయి. ఉదయించేటప్పుడు చంద్రుడు పెద్దగా కనిపిస్తాడు కదా, ఫొటోలో అంత రాడేం అని మా తోటికోడలు అడిగింది. అది కన్ను చేసే మోసం. నేల దగ్గరున్నా నెత్తి మీదున్నా 300 మి.మీ. లెన్స్‌తో నా సెన్సర్ మీద అతని వెడల్పు 700 పిక్సెళ్ళ దగ్గరే తిరుగుతుంది. తేడా తెచ్చేది దూరం. 2025లో కొలిచి చూశాను. చైత్ర పౌర్ణమికి, అంటే హనుమాన్ శోభాయాత్ర రోజు రాత్రి, చంద్రుడు 4 లక్షల కిలోమీటర్లకి పైన ఉన్నాడు. కార్తీక పౌర్ణమికి సుమారు 3 లక్షల 57 వేల కిలోమీటర్ల దగ్గరికొచ్చాడు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే దాదాపు 90 పిక్సెళ్ళ తేడా. టీవీలో సూపర్ మూన్ అని ఊదరగొట్టేది ఆ 14 శాతం గురించే. విడిగా చూస్తే ఎవరూ పోల్చుకోలేరు.

ఆ కార్తీక పౌర్ణమికి నెక్లెస్ రోడ్డుకి వెళ్ళాం. హుస్సేన్ సాగర్ బుద్ధుడి వెనక చంద్రుడు రావాలని కోరిక. దీనికి లెక్క ఉంది. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు. కిలోమీటరు దూరంలో అర డిగ్రీ అంటే 9 మీటర్లు. విగ్రహం 58 అడుగులు, అంటే దాదాపు 18 మీటర్లు. కాబట్టి కిలోమీటరు దూరం నుంచి తీస్తే చంద్రుడు విగ్రహంలో సగం ఎత్తు ఉంటాడు, దగ్గరికి జరిగేకొద్దీ విగ్రహం పెద్దదై చంద్రుడు చిన్నబోతాడు. చంద్రుడు పెద్దగా కావాలంటే వెనక్కి జరగాలి. ఆ రోజు చంద్రుడు ఏ దిక్కున లేస్తాడో స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటే తూర్పుకి కాస్త ఉత్తరంగా వచ్చింది, అందుకని ఖైరతాబాద్ వైపు గట్టు ఎంచుకున్నాం. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది. అనుకున్న చోటికి రాకపోతే ట్రైపాడ్ ఎత్తుకుని పరుగెత్తడమే, అది కూడా ఐస్‌క్రీం బండ్లు, సెల్ఫీలు, కార్తీక దీపాలు వదలడానికొచ్చిన జనం మధ్య. నేలకి దగ్గరున్నంతసేపూ దుమ్ములో ఎర్రగా, మసగ్గా ఉన్నాడు. విగ్రహం మీద ఫ్లడ్ లైట్లు వెలిగాక రెంటికీ ఒకే ఎక్స్‌పోజర్ కుదరదు. సూర్యుడు అస్తమించిన పది, పదిహేను నిమిషాల్లో అయ్యేదే ఆ ఫొటో.

గ్రహణం మాత్రం తిథితోపాటు గడియారం కూడా చూసుకుని చేసే పని. 2025 సెప్టెంబరు 7, ఆదివారం. ముందురోజే గణేశ్ నిమజ్జనం, ఊరంతా ఆ అలసటలో ఉంది. అత్తయ్య ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, పెందరాళే భోజనాలు ముగించి, "శతభిషం వాళ్ళు చూడకూడదట, నీది కాదుగా" అని ఒకసారి రూఢి చేసుకుని పంపింది. పాక్షికం మొదలు 9:57, సంపూర్ణం 11:01 నుంచి 12:23 దాకా. పలచటి మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. పాక్షికం ఉన్నంతసేపు మామూలు అంకెలే నడుస్తాయి. సంపూర్ణం కాగానే వెలుగు ఒక్కసారిగా పడిపోతుంది. భూమి వాతావరణంలో వంగి వెళ్ళిన ఎర్రటి వెలుతురు మాత్రమే అక్కడికి చేరుతుంది మరి. 1/400 దగ్గర ఉన్న షట్టర్ సెకను దాకా తెరవాలి. కానీ నా లెన్స్‌లో చంద్రుడు సెకనుకి ఐదారు పిక్సెళ్ళు జరుగుతాడు, అంతా అలుక్కుపోతుంది. అందుకని అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 6400కి తీసుకెళ్ళి, షట్టర్ పావు సెకను దగ్గర ఆపాను. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గరుకు వస్తుంది, రానీ, కదిలిన ఫొటో కన్నా గరుకు ఫొటో నయం, ఎలాగూ పేర్చినప్పుడు సగం గరుకు పోతుంది. చంద్రుడు మసకబారాక పక్కన శని గ్రహం బాగా తేలింది. ఎదురింటి డాబా మీద కూడా జనం చేరారు, కింది ఫ్లాట్ అంకుల్ నా స్క్రీన్‌లో చూసి తన ఫోన్‌తో నా స్క్రీన్‌నే ఫొటో తీసుకున్నారు.

చుక్కల సంగతికి వస్తే, మా మేడ మీద నుంచి పాలపుంత కల్ల. చలికాలంలో మృగశిర, ఆర్ద్ర, రోహిణి దొరుకుతాయి. మా అమ్మమ్మ పిల్లలకోడి అనే కృత్తికలు కంటికి కష్టం, కెమెరాకి సులువు. ఆకాశం బూడిద రంగులో ఉన్నప్పుడు చేయగలిగింది చుక్కల గీతలు. కెమెరాని కదలకుండా పెట్టి 20 సెకన్లవి వరసగా గంటసేపు తీసి, స్టార్‌స్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ప్రతి చుక్కా ఒక గీత గీస్తుంది. ఒక్కొక్క ఎక్స్‌పోజర్ చిన్నది కాబట్టి ఊరి వెలుగు మరీ కమ్మేయదు. తూర్పుకి తిప్పి తీస్తే గీతలు దాదాపు తిన్నగా లేస్తాయి.

అలాగని ఈ ఊరికి ఆకాశం ఫొటోలు కొత్తేం కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారింది. ప్రపంచంలోని కొన్ని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల జాబితా తయారుచేసినప్పుడు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వాటాకి వచ్చింది. గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్కా కొలిచి రాశారు. బేగంపేటలో! 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టేనాటికి ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్ దాకా వెళ్ళారు.

మేం వికారాబాద్ వైపు వెళ్తాం. అనంతగిరి దాటాక మా మరిది స్నేహితుల పొలం ఉంది. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో అమావాస్య దగ్గర్లో, తెల్లవారుజామున. వానాకాలంలో పాలపుంత సాయంత్రమే వస్తుంది కానీ మబ్బులు తెరిపివ్వవు, కాబట్టి ఎండాకాలపు తెల్లవారుజాములే గతి. నాలుగింటికి ఆగ్నేయంలో జ్యేష్ఠ ఎర్రగా, దాని వెనక మూల, ఆ పక్కనే పాలపుంత నడిబొడ్డు. మన అక్షాంశంలో అది 43 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, యూరప్ వాళ్ళకి ఈ అదృష్టం లేదు. ఎడమ పక్క తూర్పున నేల మీద ఒక నారింజ రంగు మెరుపు కనిపిస్తే మా మరిది "వదినా, అప్పుడే తెల్లారిపోతోంది" అన్నాడు. తెల్లారడం కాదు, అది హైదరాబాద్. ఫ్రేమ్‌లోంచి దాన్ని తప్పించడానికి కెమెరాని కుడికి, దక్షిణానికి తిప్పుకోవాలి. 18 మి.మీ. లెన్స్, ఎఫ్/3.5, ఐఎస్ఓ 3200. చుక్కలు గీతలు కాకుండా ఎంతసేపు తెరవచ్చంటే 500ని లెన్స్ మి.మీ. అంకెతో భాగించాలి, క్రాప్ సెన్సర్ అయితే ముందు ఆ అంకెని ఒకటిన్నరతో హెచ్చించి. 18 సెకన్లు వస్తుంది, నేను 15 దగ్గర ఆగుతాను. అలాంటివి ఇరవై, ముప్ఫై తీసి సీక్వేటర్‌లో పేరిస్తే, కంటికి పలచటి మబ్బులా ఉన్నది ఫొటోలో నల్లటి చారలతో సహా తేలుతుంది.

ఇప్పుడందరూ ట్రాకర్ కొనమంటున్నారు. భూమి తిరిగే వేగంతో కెమెరాని తిప్పే మోటార్ అది, నిమిషాల తరబడి షట్టర్ తెరుచుకోవచ్చు. కానీ దాన్ని ముందు ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మా మేడకి ఉత్తరం వైపు పక్క అపార్ట్‌మెంట్ పెంట్‌హౌస్ సరిగ్గా దానికి అడ్డం. పొలానికి ఏడాదిలో వెళ్ళేది ఏవో కాసినిసార్లు. అందుకని ఆ డబ్బులు వెడల్పు లెన్స్‌కి పెడదామని నేను, ఫ్రిజ్ మారుద్దామని మా ఆయన.